పెద్దవాడి సంతకం

అరవై తొమ్మిదేళ్లు నిండిన నేను, మూలమలుపులో కుట్టుషాపు నడుపుకునేదాన్ని, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, పూర్తి తెలివితో రాయించుకుంటున్న మొదటి, చివరి వీలునామా ఇది. ఇప్పటికీ అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తున్నాను. కాబట్టి ముసలిదానికి మతి చలించిందని రేపు ఎవరైనా అంటే ఆ మాట చెల్లదు. దీన్ని అమలు జరపాల్సింది మా వకీలమ్మ.

1. నేనుండే ఇంటి గురించి రాయడానికి నాకు హక్కు లేదు. అది నా పెద్దకొడుకు పేరున ఉంది. మా ఆయన పోయాక నేనే మార్పించాను. ఎందుకయ్యా అంటే, ఏటేటా పన్ను కట్టడానికి ఆఫీసులో వరుసలో నిలబడలేక! మోకాళ్ల నొప్పికి ఇల్లు రాసిచ్చిన తెలివితక్కువది నేనొక్కదాన్నే అయ్యుంటాను. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని మా అమ్మ అంటూనే ఉండేది, వింటేగా.

2. అలా ఇల్లు రాసిచ్చినందుకు నా చిన్నకొడుకు పదకొండు నెలలు జైల్లో మగ్గాడు. వాడు గోడౌనులో మూటలు దించేవాడు. రాగి తీగ చుట్టలు పోయాయని ముగ్గురిని పట్టుకుపోయారు. ముగ్గురికీ ఒకే రోజు, ఒకే జడ్జిగారు బెయిలిచ్చారు. సొంత ఇల్లో షాపో ఉండి, దాని పన్ను రసీదు ఉన్న మనిషి వచ్చి పూచీ సంతకం పెట్టాలన్నారు. మిగతా ఇద్దరూ ఆ వారమే ఇంటికొచ్చారు. మా ఇంటి రసీదు పెద్దవాడి పేరున ఉంది. వాడన్నది పొల్లుపోకుండా రాయిస్తున్నాను: “వాడు వాయిదాకి రాకుండా పారిపోతే నా ఇల్లు ఏం గాను?” తోడబుట్టినవాడి గురించి! చెప్పులు కొనుక్కోవడానికి కూడా నన్ను తోడు తీసుకెళ్లేవాడు, వాడు ఎక్కడికి పారిపోతాడు?

బెయిలిచ్చి కూడా లోపల ఉంచడమేమిటని కోర్టు గుమస్తాని అడిగితే, “రూలమ్మా” అన్నాడు. ఆ రూలు తగలెయ్య! ఇల్లున్నవాడు మాట మీద నిలబడతాడు, లేనివాడు పారిపోతాడు అని రాసిన మహానుభావుణ్ణి ఒక్క వారం ఆ గదిలో ఉండి రమ్మనండి. చివరికి తీగ చుట్టలు గోడౌను యజమాని బామ్మర్ది షెడ్డులో దొరికాయి. కేసు కొట్టేశారు. తప్పయిందని ఒక్కరూ అనలేదు. విడుదల రోజుకని పాత కొలతలతో చొక్కా కుట్టుకెళ్లాను. అది వాడి భుజాల మీంచి జారిపోయింది. నా చేతికొలత తప్పడం అదే మొదటిసారి. రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను.

3. కుట్టుషాపు, రెండు మిషన్లు, కత్తెరలు చిన్నవాడికి. నల్ల మిషను ఎడమవైపుకి లాగుతుంది, దాన్ని తిట్టకుండా నూనె వెయ్యాలి. అంతదాకా అద్దెకున్న షాపుని వాడు విడుదలయ్యాక నా సంపాదనతో కొన్నాను, రసీదు నా పేరునే ఉంది. ఆ రసీదు పట్టుకుని ఈ ఎనిమిదేళ్లలో ముక్కూ మొహం తెలియని ఆరుగురికి, ఒకరి కేసు తేలాక ఒకరికి, జామీను నిలబడ్డాను. అద్దె జామీనుదారునని కోర్టులో ఎగతాళి చేశారు. వాళ్ల మొహం! ఆరుగురిలో ఒక్కరంటే ఒక్కరు పారిపోలేదు.

4. పెద్దకోడలికి నా ఊదారంగు శాలువా. మేమిద్దరం పోట్లాడుకోని రోజు లేదు. కానీ మొగుడికి తెలియకుండా ప్రతి వారం మరిదికి జైలుకి క్యారేజీ పంపింది. నోరు చెడ్డదే గానీ మనసు మంచిది.

5. ఇక అసలు సంగతి. ఆస్పత్రిలో నేలలు తుడిచే అమ్మాయి ఉంది, గువ్వ అని పిలుస్తాం. ఎవరో రోగి గొలుసు పోయిందని దాని మీద కేసు పెట్టారు. మూడేళ్ల కూతురుంది దానికి. ఆ ఆరుగురిలో ఆఖరిది, ఇప్పుడు నా పూచీ మీదే బయట ఉంది. నేను పోతే నా పూచీ కూడా పోతుంది. వేరే జామీనుదారుని చూపించలేకపోతే మళ్లీ లోపలికి పంపుతారు. నేను చావడం కూడా ఆ పిల్ల నేరమేనన్నమాట! షాపు రసీదు చిన్నవాడి పేరుకి మారేసరికి నెలలు పడుతుంది. అందాకా పెద్దవాడు తన ఇంటి రసీదు తీసుకెళ్లి గువ్వకు జామీను సంతకం పెట్టాలి. పెట్టు అని శాసించే హక్కు నాకు లేదు, తెలుసు.

6. “క్షమించానని ఒక్క మాట అనవే అమ్మా” అని పెద్దవాడు ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. నాకు నోరు రాలేదు. ఆ మాట నా చేత్తో రాసి, కవరు అంటించి వకీలమ్మకిచ్చాను. వాడు సంతకం పెట్టి బయటికొస్తే, కోర్టు మెట్ల మీదే వాడి చేతిలో పెట్టాలి. సంతకం పెట్టకపోతే విప్పకుండా కాల్చెయ్యాలి. ఇది వకీలమ్మకి నేను పెడుతున్న ఒట్టు.

7. నా కబురు తెలియగానే ఏడుపులు మొదలుపెట్టకండి. నన్ను ఎత్తడానికి తొందరేమీ లేదు. కోర్టు పదిన్నరకి తెరుస్తారు.

తేదీ: 17 జూన్ 2026, బుధవారం.

చదివించుకుని, సరే అనుకుని చేసిన సంతకం:
మూలమలుపు కుట్టుషాపు యజమానురాలు

సాక్షులు, ఇద్దరూ నా ఎదుటే సంతకం చేశారు:
1. పక్క షాపు సైకిలు మెకానిక్
2. గుండీలూ దారాలూ అమ్మే అక్కయ్య