తాడు మీద వాక్యం

సోమవారం, ఉదయం 5.00

లేచాను! అలారం కంటే ముందే!

ఇవాళ్టి నుంచి నెల రోజులు, రోజుకో వాక్యం. పొద్దున్నే చదవడం, సాయంత్రం దాకా మనసులో నమలడం, అది చెప్పినట్టు బతకడం. ఎవడి మీదా అరవకూడదు. అక్క తన పాత బైబిలు ఇచ్చింది. "చదవడం కాదురా, నమ్మడం నేర్చుకో" అంది. బడి మానేశాక చదువే సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. నమ్మడం ఎంతసేపు!

అసలు సంగతి రాసేస్తాను. శనివారం సూపర్‌వైజర్ మీద అరిచాను. వాడి గొంతు విని మేమంతా లౌడ్‌స్పీకర్ అంటాం. "ఇంకొక్కసారి నీ నోరు లేచిందో, తాడు దిగి కింద బకెట్లు నింపుకుంటావు" అన్నాడు. ఎత్తయిన భవనాలకు తాడు మీద వేలాడుతూ అద్దాలు తుడవడం నా పని. నాకు బాగా చేతనైంది అదొక్కటే. ఆ తాడు లాగేసుకుంటే నేనెవణ్ణి?

సాయంత్రం

ఇవాళ్టి వాక్యం: చింతపడకు, పక్షుల్ని చూడు, వాటిని పైవాడే మేపుతున్నాడు. చూశాను. బాగానే మేపుతున్నాడు. మేసిందంతా పన్నెండో అంతస్తు అద్దాల మీదుంది. గీకింది నేను.

అయినా చింతపడలేదు. స్తోత్రం!

మంగళవారం

5.20కి లేచాను. పర్లేదు.

వాక్యం: ఒక చెంప మీద కొడితే రెండోది చూపించు. ఆఫీసులో కూర్చున్న టై కట్టినాయన అద్దం మీద టకటకా కొట్టి మచ్చ చూపించాడు. ఆ మచ్చ లోపలివైపుంది! ఆయన కాఫీదే! నవ్వాను. ఇంకోటి చూపించాడు. అదీ లోపలిదే. మళ్ళీ నవ్వాను. మూడోది చూపించాడు. నాకున్నవి రెండే చెంపలు. ఆ తర్వాత ఏం చేయాలో ఆ పేజీలో లేదు.

అరవలేదు. కానీ అతని అద్దానికి సబ్బు కాస్త ఎక్కువే పూశాను.

బుధవారం

వాక్యం: ఏడుసార్లు కాదు, డెబ్బై ఏడుల సార్లు క్షమించు. సరే, లెక్క పెట్టుకుందాం. లౌడ్‌స్పీకర్‌ని క్షమించినప్పుడల్లా అద్దం మీద సబ్బు నురగలో ఒక గీత. పది గంటలకే పెద్ద దడి తయారైంది. పక్క తాడు మీంచి బావ జరిగి వచ్చి, వైపర్‌తో ఒక్క లాగు లాగాడు.

"బావా! నా లెక్క!"

"క్షమించేశావుగా, ఇంకా లెక్కేంట్రా బామ్మర్దీ?"

అద్దం మెరిసిపోతోంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అరవలేదు. కొరికి కొరికి పళ్ళు నొప్పి.

గురువారం

6.40! వాక్యం లేదు. నా తప్పేం లేదు, అలారం చిన్నగా మోగింది. రేపు రెండు చదివితే సరి.

మధ్యాహ్నం

పిడుగు. లౌడ్‌స్పీకర్ అన్నం తింటూ చల్లగా చెప్పాడు: "నిన్ను కొన్నాళ్ళు తాడు ఎక్కించొద్దని నాతో అన్నది ఎవరనుకున్నావ్? మీ బావే."

బావ! అక్క మొగుడు! ఈ పని నాకు నేర్పినవాడు! యేసుని పట్టించిన యూదా ఎక్కడో లేడు, రోజూ నా పక్కనే కూర్చుని భోంచేస్తున్నాడు.

రాత్రి మాట్లాడలేదు. నీళ్ళ గ్లాసు అందించమన్నాడు. అక్కకి ఇచ్చాను. అక్క అతనికిచ్చింది.

శుక్రవారం

ఇది వివరంగా రాయాలి.

మా పనిలో ఒక పద్ధతుంది. ఎవడి ముడి వాడు కట్టుకోడు. నాది బావ కడతాడు, బావది నేను కడతాను. వేలాడేవాడు దాన్ని లాగి చూసి "ఉంది" అనాలి. అనేదాకా పిట్టగోడ దాటకూడదు.

పొద్దున వాక్యం: నీ తెలివి మీద ఆనుకోకు, ఆయన్ని నిండుగా నమ్ము. భలే దొరికింది! బావ కట్టిన ముడి ముట్టుకోను, ముఖమే చూడను, దేవుణ్ణి నమ్ముతాను. "ఉంది" అనకుండానే పిట్టగోడ మీద కాలేశాను.

బావ నా బెల్టు పట్టి వెనక్కి లాగాడు. ఇద్దరం కిందపడ్డాం.

"ముడి చూశావా?"

"దేవుడున్నాడు!"

"ఆయనున్నాడు, నీ కళ్ళేవిరా?"

ముడి లాగి చూపించాడు. చివరి చుట్టు లేదు. జారి చేతిలోకొచ్చేసింది. బావ మొహం పాలిపోయింది.

"నిన్నట్నుంచి నువ్వు మాట్లాడక నా బుర్ర పని చేయలేదు. కట్టేవాడికీ కోపాలుంటాయి, బెంగలుంటాయి. అందుకే లాగి చూడమనేది. నీకు కోపమొస్తే అసలు చూడవు. అందుకే నిన్ను కొన్నాళ్ళు దించమన్నాను."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా!" అని అరిచాను. నాలుగు రోజులుగా మింగినవన్నీ కలిపి అరిచాను. పావురాలు ఎగిరిపోయాయి. లౌడ్‌స్పీకర్ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు.

"ఎవడ్రా అరిచింది?"

బావ అన్నాడు: "నేను."

బావకి బకెట్లు. నాకు తాడు.

శనివారం

వాక్యం చదవలేదు. భయమేసింది, ఏది తెరిచినా నన్నే తిట్టేలా ఉంది.

కొత్తవాడు నా ముడి కట్టాడు. నాలుగుసార్లు లాగి చూశాను. కిందనుంచి బకెట్లు వస్తున్నాయి. బావ ఏదీ సగం నింపడు, ఒలకనివ్వడు. నీళ్ళు కూడా చక్కగా నింపుతాడు, ఛీ!

మధ్యాహ్నం దాకా ఆగలేకపోయాను. లౌడ్‌స్పీకర్ దగ్గరికెళ్ళి చెప్పాను.

"అరిచింది నేను."

"తెలుసు. ఆ గొంతు మీ బావకెక్కడిది?"

"మరి ఆయన్నెందుకు దించావ్?" మళ్ళీ అరిచాను!

బకెట్లు నాకు. నెలాఖరు దాకా.

సోమవారం

బావ పైన. నేను కింద. పని మొదలవలేదు. లౌడ్‌స్పీకర్ దిగొచ్చాడు, జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో.

"ముడి నువ్వు కడితేగానీ తాడు మీద దిగనంటున్నాడు మీ బావ. వెళ్ళు."

పనివాళ్ళని లిఫ్టు ఎక్కనివ్వరు. మెట్లన్నీ నడిచాను. అంతస్తు అంతస్తుకీ లౌడ్‌స్పీకర్‌ని లోలోపల తిట్టాను. లోపల తిడితే లెక్కలోకొస్తుందా? అక్కనడగాలి.

ముడి కట్టాను. చివరి చుట్టుతో సహా. బావ లాగి చూశాడు. నా మొహం చూశాడు. "ఉంది" అన్నాడు.

దిగేటప్పుడు మెట్లు తక్కువయ్యాయి.

మంగళవారం, ఉదయం 5.00

లేచాను! మళ్ళీ మొదటి నుంచి. నెల రోజులు. ఒక్క మార్పు: ఇకమీదట ఎవడి వాక్యం వాడు తీసుకోడు. నాది బావ తీస్తాడు, బావది నేను తీస్తాను.

వెతికి వెతికి ఏం తీశాడనుకున్నారు? వినడానికి తొందరపడు, కోపానికి తొందరపడకు!

కావాలనే తీశాడు! పైగా టీ తాగుతూ నవ్వుతున్నాడు!

నోరు తెరిచాను. మూశాను. ఆ వాక్యాన్ని ఒకసారి గట్టిగా లాగి చూశాను.

ఉంది.