ఇటుకల కింద లేని నాభి గడ్డలు

తిరువళ్ళూరు జిల్లా తిరువాలంగాడు స్టేషను వెనక వీధిలో కాపురముండే నేను, కీర్తిశేషులు జయరామ నాయుడి కుమారుడు మునిరత్నం, వయసు అరవై తొమ్మిది, ఆవడి ఫ్యాక్టరీలో స్టోర్ కీపరుగా రిటైరైనవాణ్ణి, నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరి బెదిరింపూ బుజ్జగింపూ లేకుండా, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. బుద్ధి సరిగా ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం కూడా జత చేశాను. రేపు ఎవరైనా ముసలాయనకు మతి లేదని లేస్తే చూపించండి. తిరుత్తణి రిజిస్ట్రారు ఆఫీసు ముందు పత్రాలు రాసే శివప్రకాశం తమిళంలో చక్కగా రాసిస్తానన్నాడు. అతను ఏ మూల ఏ మాట దూరుస్తాడో కాపలా కాయడం నా వల్ల కాదు. సాక్షి సంతకానికి మాత్రం పనికొస్తాడు.

1. ఇల్లు, వెనక దొడ్డి నా కొడుకు విజయకుమార్‌కు చెందాలి. నేను ఆసుపత్రిలో ఉన్న పది రోజుల్లో వాడు టేపు పట్టి దొడ్డి కొలిచాడని నాకు తెలుసు. నేను జారిపడకుండా బాత్రూము దాకా కమ్మీ వేయించడానికట. కమ్మీ వేయించాడు, నిజమే. దానికి దొడ్డంతా ఎందుకు కొలవాలో ఇంతవరకు చెప్పలేదు.

2. నా ఇత్తడి కాఫీ ఫిల్టరు కోడలు జీవితకు. మా దొడ్డి కంచె వెంట పెరిగే నాభి తీగ, అదే అగ్నిశిఖ, దాని గడ్డ విషం. అలాంటిది ఇంట్లో ఉన్నప్పుడు జాగ్రత్త తప్పదు కదా. ఆమె కాపురానికొచ్చిన మొదటి రెండు నెలలు, ఇచ్చిన కాఫీ ఆమె ఒక గుక్క తాగాకే నేను తాగేవాణ్ణి. ఎందుకని ఒక్కరోజూ అడగలేదు, నవ్వుతూ తాగి ఇచ్చేది. ఆ పిల్ల మంచిది. ఇది రాసేందుకు నాకేమీ నామోషీ లేదు.

3. మందుల కంపెనీలకు నాభి గింజలు, గడ్డలు కొనిపెట్టే పళ్ళిపట్టు చంద్రుకు ఏమీ లేదు. పరామర్శకు వస్తే వీధి అరుగు మీదే కూర్చోబెట్టండి. దొడ్డి దారి చూపించకండి.

4. మట్టికుండలో పొడి ఇసుకలో ఉన్న నలభై ఒక్క నాభి గడ్డల సంగతి. ఇవి మా అమ్మ తిరుత్తణి కొండ పక్క నుంచి తెచ్చి కంచె వెంట పెంచినవాటి సంతతి. నాగలి ఆకారంలో ఉంటాయి. మొలక వచ్చేది కొస నుంచే. కొస విరిగిందా, ఆ గడ్డ పోయినట్టే. జులై నడుమ వచ్చే ఆడి మాసంలో తొలి వాన పడ్డాక, నీళ్ళు నిలవని ఎర్రమట్టిలో బెత్తెడు లోతున పడుకోబెట్టాలి. తీగ ఎగబాకడానికి కంప ఆసరా ఇవ్వాలి. పువ్వు ముందు పచ్చగా విచ్చుకుని, తరవాత అంచుల నుంచి ఎర్రబడుతుంది. సంక్రాంతితో మొదలయ్యే తై మాసానికి తీగ ఎండిపోతే చచ్చిందని పీకి పారేయకండి, గడ్డ కింద నిద్రపోతూ ఉంటుంది. ఎండాకాలంలో చుక్క నీరు పోసినా కుళ్ళుతుంది. ముట్టుకున్నాక చేతులు కడగాలి. పసిపిల్లల్నీ మేకల్నీ దూరంగా ఉంచాలి.

5. ఈ క్లాజు రాయడానికే మిగతావన్నీ రాశాను. స్టోరు అలవాటు కొద్దీ గడ్డ పాతిన ప్రతి చోటా నంబరు వేసిన ఇటుక పెట్టేవాణ్ణి. ఏటా తవ్వి తీసి, మళ్ళీ పాతేవాణ్ణి. 2014లో ఓవర్‌టైముల వల్ల తవ్వకుండా నేలలోనే వదిలేశాను. ఆడి వానలు పడ్డా మొలక కనబడలేదు. పద్నాలుగు ఇటుకల కిందా తవ్వితే ఎండిన పొట్టు తప్ప ఏమీ లేదు. దొడ్డి తాళంచెవి నా దగ్గర కాక ఇంకొకటి నా చెల్లెలు వళ్ళియమ్మ దగ్గరే ఉండేది. చంద్రుకు అమ్మిందని వీధిలో అరిచాను. అంతటితో ఆగక గంగమ్మ గుడి ముందు ప్రమాణం చెయ్యమన్నాను. మగడు పోయి ఏడాది తిరగని మనిషి, అందరూ చూస్తుండగా వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి ప్రమాణం చేసింది. తాళంచెవి మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఎనిమిదో రోజున మొలకలు వచ్చాయి, ఇటుకలకు జానెడు అవతల. పాత గడ్డ పొట్టయిపోతుందట, దాని చివర కొత్త గడ్డ ఊరుతుందట. ఏటా తవ్వేవాణ్ణి కాబట్టి అది నా కంట పడలేదు. అప్పుడు నేను చేసిన పని, ఎవరూ చూడకుండా ఇటుకల్ని మొలకల పక్కకు జరపడం. అది సిగ్గుమాలిన పని. వళ్ళియమ్మ దొంగ కాదు. పదకొండేళ్ళుగా నాకు తెలుసు.

6. నేను పోయాక విజయకుమార్ అయిదో క్లాజును గంగమ్మ గుడి ముందు బిగ్గరగా చదివి, గడ్డల కుండను వళ్ళియమ్మకు ఇవ్వాలి.

ఇంతవరకు రాసి నిన్న శివప్రకాశానికి వినిపించాను. అతను కళ్ళద్దాలు తీసి, "ఏమయ్యా, నువ్వు సచ్చినంక నీ కొడుకు దీన్ని గుడి ముందర సదువుతాడని నీకు నమ్మకముండాదా?" అన్నాడు. లేదు. చదువుతాననే అంటాడు, పరువు పోతుందని కాగితం మడిచి పెట్టేస్తాడు. ఆలోచిస్తే, వాడిపై నెట్టింది కూడా నా పిరికితనమే. అందుకని ఈ ఉదయం వళ్ళియమ్మను పిలిపించి, గుడి ముందు పది మంది వింటుండగా నేనే చదివాను.

ఆమె కొంగు నడుముకు దోపుకుని అంతా వింది. "గడ్డ జరుగుతాదని నాకు ఆపొద్దే తెలుసన్నా. అమ్మ చెప్పింది. గడ్డలు యాడ దాచినావని అడిగినావే గానీ, యాడికి పోయింటాయని నువ్వు అడగలే. అడగనోడికి చెప్తే నమ్మింటావా?" అంది.

నమ్మేవాణ్ణి కాను. ఆ మాటే ఆమెతో చెప్పాను.

ఆరో క్లాజు కొట్టేశాను. కుండ అక్కడే ఆమె చేతికిచ్చాను. ఈ వీలునామా వల్ల ఇక ఆమెకు రావలసింది ఏమీ లేదు కాబట్టి, సాక్షి సంతకం చెయ్యమని అడిగాను. నా మాట నిజమని చెప్పడానికి ఆమె కంటే నమ్మదగిన మనిషి నాకు లేదు.

తేదీ: 27 ఏప్రిల్ 2025, తిరువాలంగాడు

(సంతకం) జ. మునిరత్నం

సాక్షులు:
1. శివప్రకాశం, పత్రాల రాతగాడు, తిరుత్తణి
2. వళ్ళియమ్మ, మునిరత్నం చెల్లెలు