ఖాళీగ ఉంచిన ఆఖరి పేజీ

శంకరన్నా,

నువ్వు పోయి యాడాదయింది. మన కవితల పత్రిక గూడ నీతోటే ఆగిపాయె. పటాన్‌చెరు ప్రెస్సుల ఇప్పుడు పెండ్లి కార్డులే అచ్చేస్తున్న.

ఇయ్యాల పొద్దుగాల కర్దనూర్ నుంచి ఒకామె వచ్చింది. మందుల కంపెనీల సీసాలు కడుగుతదట. "కవితలు అచ్చేసే సారు ఏడి?" అని అడిగి, టిఫిన్ సంచిలకెల్లి మడిచిన కాయితం తీసింది. నిలబడే చదివిన. కంపెనీల మురికి కలిసిన వాగు నీళ్లు తాగి వాళ్ల బర్రె సచ్చిపోయింది. తెల్లారి పాలు పిండే యాళ్లకు అలవాటుగ లేసి, గిన్నె పట్టుకొని ఖాళీ గుంజ కాడ నిలబడ్డదట. అంతే రాసింది. ఏడుపు మాట ఒక్కటి లేదు.

అచ్చు మొదలయ్యే దాకా ఆఖరి పేజీ ఖాళీగ ఉంచుమంటివి. ఎవరో ఒకరు వస్తరంటివి. ప్రతిసారి నీమీద కసురుకుంటుంటి.

సారు లేడు, పత్రిక బందయిందని చెప్పిన. "మరి ఇది ఎవలకియ్యాలె?" అన్నది. ఉంచిపొమ్మందామనుకున్న, అనలే. ఉంచుకొని ఏం జేస్త? కాయితం మళ్ల సంచిల పెట్టుకొని షిఫ్టుకు పోయింది.

ఆఖరి పేజీ ఖాళీగనే ఉన్నదన్నా. దాని ముందటి పేజీలే లెవ్వు.