వేలిముద్ర పడని ఇరవై ఎనిమిది మంది

చిత్తూరు జిల్లా వృత్తి విద్యాధికారి వారి సముఖమునకు,
కార్వేటినగరం నివాసి మునిచంద్ర సమర్పించు అర్జీ.
తేది: 19-06-2025

అయ్యా,

విషయం: ముప్పై రోజులు ఫ్యాక్టరీలో పనిచేసిన బడి పిల్లలను గైరుహాజరుగా రాసి, వారి శిక్షణ ధ్రువపత్రాలను తమ కార్యాలయం ఆపివేయుట గురించి.

ఈ అన్యాయం చేసినది ఫలసిరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. దానికి సంతకం పెట్టినది తమరు. ఈ రెండు ముక్కలతోనే అర్జీ ముగించవచ్చును. కానీ వివరాలు లేని కాగితాన్ని తమ కార్యాలయంలో టీ గ్లాసు కింద పెడతారని విన్నాను కనుక, వివరంగానే మనవి చేసుకుంటున్నాను.

1. మా ఊరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆహార శుద్ధి కోర్సు తీసుకుని పదో తరగతి పాసైన పిల్లలు ఇరవై ఎనిమిది మంది. నా చెల్లెలు ధరణి వారిలో ఒకతె. బడికీ పరిశ్రమకూ భాగస్వామ్యం అంటూ తమరు కుదిర్చిన ఒప్పందం ప్రకారం వీరు మే 13 నుంచి జూన్ 11 దాకా ఫలసిరిలో పని నేర్చుకోవలెను. ఆ ఒప్పందం బడి నోటీసు బోర్డు మీద ఉంది, మూడుసార్లు చదివాను. గుజ్జు తీపి కొలవడం, పులుపు పరీక్ష, డబ్బాలకు సీలు వేయడం, యంత్రాల నిర్వహణ. చదివితే ఎవరికైనా ఆశ పుడుతుంది. ధరణికీ పుట్టింది. తిరుపతిలో ఆహార సాంకేతిక డిప్లొమాలో సీటు కూడా తెచ్చుకుంది. ఈ నెల 27 లోగా శిక్షణ ధ్రువపత్రం చూపించకపోతే ఆ సీటు పోతుంది.

2. నేర్పినది మాత్రం ఒక్కటే. పొద్దున నుంచి సాయంత్రం దాకా తోతాపురి కాయలకు తొడిమలు గిల్లడం, తొక్క తీయడం. పరీక్ష గదిని అద్దాల తలుపు బయటి నుంచి చూపించారు. తొడిమ గిల్లితే చిమ్మే సొన చర్మాన్ని కాల్చేస్తుంది. ఈ జిల్లాలో మామిడి తోట పక్కన నడిచినవాడికెవడికైనా తెలిసిన సంగతి ఇది. చిత్తూరులో కూర్చుని ఉద్యోగం చేసే తమకు తెలియకపోవడానికి ఎంతో సాధన చేసి ఉండాలి. మొదటి రోజు తమరు రిబ్బను కత్తిరించినప్పుడు పిల్లల చేతులకు రబ్బరు గ్లౌజులు ఉన్నాయి, ఫోటోలో బాగా పడ్డాయి. తమ కారు గేటు దాటగానే సూపర్‌వైజరు మునిప్రసాద్ వాటిని విప్పించి అట్టపెట్టెలో సర్దించాడు. "ఇవేసుకుంటే కాయ జారతాదమ్మా, పని సాగదు" అన్నాడట.

3. ఆరో రోజుకు పిల్లల వేళ్ల తోలు ఊడింది. గేటు దగ్గర హాజరుకు పెట్టిన వేలిముద్ర మిషను, నున్నబడిన ఆ వేళ్లను గుర్తుపట్టడం మానేసింది. ఆనాడు ధరణికీ మునిప్రసాద్‌కూ జరిగిన సంభాషణను ఉన్నదున్నట్టు నివేదిస్తున్నాను.

"అన్నా, మిషన్‌లో వేలు పడలేదు. లోపలికి పోయేదా, వద్దా?"

"పోమ్మా, పోయి కాయలు గిల్లు. మిషన్ సంగతి మళ్లా సూస్తాం."

"మళ్లా అంటే ఎప్పుడన్నా?"

"వేలు బాగైనాంక వేద్దువులే."

"అప్పుడేస్తే ఆ దినానికి పడతాది. ఈ దినానికి ఎట్లా పడతాది?"

"ఏం పాపా, లాయరుకు సదవతాండావా?"

4. ఫలితంగా ముప్పై రోజులకు ఐదు రోజుల హాజరు. డెబ్బై ఐదు శాతం లేదని ఎవరికీ ధ్రువపత్రం లేదు. రోజూ పిల్లలతో వ్యానులో వెళ్లివచ్చిన కోమలవల్లి టీచరు ముప్పై రోజులూ చేత్తో హాజరు పుస్తకం రాశారు. దాన్ని తీసుకుని నేనూ ధరణీ తమ కార్యాలయానికి వచ్చాము. "చేత్తో రాసింది సెల్లదు" అన్నాడు తమ గుమాస్తా. ధరణి చేతులు చాపి చూపించింది. "అయ్యో, ఆయింట్‌మెంటు పెట్టుకో తల్లీ" అని జాలిపడి, ఆ వెంటనే, "దినామ్మూ పనికి పోయింటే నీకీ తిప్పలుండునా?" అన్నాడు. ఆయనకు పదోన్నతి ఇప్పించవలెనని ప్రత్యేకంగా సిఫారసు చేస్తున్నాను. తమ కుర్చీకి తగినవాడు.

5. దోపిడీ గురించి నేను చాలా కరపత్రాలు చదివాను. మనిషి చేసిన పనే, ఆ పని చేయలేదనడానికి సాక్ష్యం అవుతుందని వాటిలో ఏదీ చెప్పలేదు. రాసినవాళ్లు తమ శాఖను చూసి ఉండరు. పైగా ఫలసిరి యజమానికి ఉత్తమ భాగస్వామి అని శాలువా కప్పారు. ఎవరికి భాగస్వామి? తమకా, పిల్లలకా?

కావున కోమలవల్లి టీచరు పుస్తకాన్నే హాజరుగా అంగీకరించి, ఇరవై ఎనిమిది మందికీ 27 లోగా ధ్రువపత్రాలు ఇవ్వవలెను. కాయ ముట్టే ప్రతి చేతికీ గ్లౌజులు ఇవ్వని ఫ్యాక్టరీకి ఇక బడి పిల్లలను పంపరాదు. చిత్తగించవలెను. చిత్తగించే అలవాటు తప్పిపోయి ఉంటే, ఈ కాగితంతో మళ్లీ మొదలుపెట్టవలెను.

తమకు కాదు గానీ న్యాయానికి విధేయుడు,
మునిచంద్ర

తా.క. అర్జీని ధరణికి చదివి వినిపించాను. "అన్నా, ఇన్ని తిట్లు తిడితే ఆయప్ప సంతకం పెడతాడా? నీ కోపం తీరితే సాలా? నాకు సీటు గావల్ల గదా!" అంది. పెన్ను ఆమెకే ఇచ్చాను. ఈ కింది వరసలు ఆమె రాసినవి.

సార్, నేను ముప్పై రోజులూ వచ్చినాను. ఒక్క దినం గూడా ఎగ్గొట్టలేదు. గుజ్జు తీపి ఎట్లా కొలుస్తారో అక్కడ నేర్పలేదు. అది నేర్చుకోవాలనే తిరుపతికి పోతానంటున్నాను. మా సర్టిఫికెట్లు ఇప్పించండి సార్. — ధరణి

నేను ఒక్క తిట్టూ కొట్టివేయలేదు. ఆమె రాసినదానిలో ఒక్క అక్షరమూ దిద్దలేదు. ఈ అర్జీ నకళ్లు బస్టాండులోనూ బడి గోడకూ అంటించాము. చదివిన తల్లులారా, తండ్రులారా, సోమవారం, జూన్ 23, కార్వేటినగరంలో ఏడు గంటల బస్సు ఎక్కండి. పదిన్నరకు చిత్తూరులో ఈ అధికారి కార్యాలయం మెట్ల దగ్గర అందరం చేరాలి. ఆ రోజు నేను వెనక నిలబడతాను. మాట్లాడేది పిల్లలే. పదిన్నరకు, మెట్ల దగ్గర.