ఆయన జీతంలో మా వాటా

అక్కా, తప్పులున్నా, అక్షరాలు వంకరగా ఉన్నా ఏమనుకోకు. మా ఆయన పటాలం నుంచి ఏడు నెలలుగా పైసా పంపలేదు. నిన్న చంటిదాన్ని చంకనేసుకుని సైనికుల కుటుంబాల ఆఫీసుకు వెళ్లాను.

"మీ ఆయన సంతకం తేమ్మా" అన్నాడు గుమాస్తా.

"ఆయన పెట్టే మనిషైతే మీ గడప ఎందుకు తొక్కుతానండీ?" అన్నాను. వరుసలోని ఆడవాళ్లు గొల్లున నవ్వారు. గుమాస్తా తలొంచుకుని ఫారం తీశాడు. పెళ్లికి రుజువు చూపిస్తే జీతంలో కొంత కోసి నాకే పంపుతారట.

అర్జీ వెనక్కి తీసుకోమని అత్తయ్య అన్నం మానేసింది. నేను మానలేదు, పాలిచ్చేదాన్ని. మీ ఇంట్లో ఉన్న మా పెళ్లి ఫొటోను, ఈ కార్డు పక్కన రాసిన ఆఫీసు చిరునామాకే పంపు. ఇక్కడికొస్తే అత్తయ్య దాచేస్తుంది.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? పిల్లలకు ముద్దులు. బావగారు చూస్తే రాజీ చేస్తానని బయల్దేరతారు. వారి కంటపడకముందే ఈ కార్డు కాల్చెయ్యి.