వేటకు కంచరగాడిద మీద

ఏమండీ,

దేవుని దయవల్ల నేనూ ఫెబీ క్షేమంగా మోంటానా చేరాం. మీరు భయపడ్డంత ఏమీ లేదు.

గుర్రాల ఏర్పాటే పొద్దున కాస్త తారుమారైంది. ఎల్క్ దుప్పుల వేటకు మమ్మల్నీ గుడారాన్నీ అడవి లోపల దింపి రావలసిన డోనా, నేనెక్కాల్సిన గుర్రం కుంటుతోందని చెప్పింది. "అమ్మాయిని తీసుకెళ్తాను, మీరు ఇక్కడే ఉండండి" అంది. పిల్లని ఒంటరిగా అడవిలో వదలడం నావల్ల కాదు. "పర్లేదు మమ్మీ, నెక్స్ట్ ఇయర్ ట్రై చేద్దాం" అన్నది గానీ ఫెబీ కళ్ళు తడిశాయి. దొడ్లో సామాను మోసే కంచరగాడిద ఒకటి కనిపించింది. "దాని మీద జీను వేయండి" అన్నాను. డోనా నవ్వి, ముందు వాగు దాటి చూపించమంది. ఫెబీ గుర్రం నీళ్ళ దగ్గర మొరాయించింది. నా గాడిద మాత్రం తల వంచుకుని నన్ను అవతలి ఒడ్డుకు చేర్చింది. దాని సామాను మిగతావాటికి సర్ది, ఐస్ పెట్టే కూలర్ ఇక్కడే వదిలేశాం. రేపు తెల్లవారగానే బయల్దేరతాం.

గరాజ్‌లో ఫ్రీజర్ ఖాళీ చేసి ఉంచండి. మంచు పడకముందే కరివేపాకు కుండీ లోపల పెట్టండి. బీపీ మాత్ర మానకండి. ఎవాన్ కాలేజీ నుంచి ఫోన్ చేశాడా? నేను గాడిదెక్కానని పాస్టరమ్మగారికి చెప్పకండి, యేసయ్య గాడిదెక్కిన మట్టల ఆదివారం దాకా నవ్వుతారు.

కొండల్లో ఫోన్ పనిచేయదు, కంగారుపడకండి. చర్చిలో మా ఇద్దరి పేర్లూ ప్రార్థనకు ఇవ్వండి. గుర్రమంటే భయమని మీరు ఆగిపోయారు కాబట్టే నాకు ఈ కొండలు దక్కాయి. ఫెబీ మీకు ముద్దులు చెప్పమంది.

మీ కరుణ