ఒంట్లో మిగలని కిరణాలు

రాజవ్వా,

నా గొంతులోని గడ్డకు ఈ రోజు కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు, నీకు పెట్టిన మిషన్‌తోనే. తెలంగాణ బంద్ అయినా, దవాఖానకని చెప్తే తొర్రూరులో బండ్లు ఆపుతున్న పిల్లలు మా ఆటోను వదిలారు.

"ఇంట్ల మనవరాలుంది బిడ్డా, నేను దూరముండాల్నా?" అని మిషన్ నడిపే అమ్మాయిని అడిగాను.

"ఎందుకు తాతా? ఆల్ఫా కిరణాలు కాగితం గూడ దాటయి. బీటాను సన్న రేకు ఆపుతది. నీకు పెట్టేది గామా. గడ్డను కాలుస్తది, అవుతలికి పోతది. మిషన్ బందైతే నీ ఒంట్ల ఏం మిగలదు. మంచిగ ఎత్తుకో!"

అప్పటికి పసిదైన మన మనవరాలికి నీ ఒంట్లోని కిరణాలు తగులుతాయని నువ్వు పోయేదాకా కొట్టంలోనే పడుకున్నావు. దాన్ని ఒక్కసారి కూడా ముట్టలేదు. మనకెవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. బాగా బరువుంది రాజవ్వా.